బాల్కనీలో ఇద్దరు, బంతిలో ఇద్దరు

మా మేనత్త సంవత్సరీకం మొన్న పుష్యమాసంలో అయింది. రాజమండ్రిలో బాబాయే దగ్గరుండి అన్నీ జరిపించాడు. నేను వెళ్లడానికి కుదరలేదు. ఆ సాయంత్రం ఇక్కడ కాలిఫోర్నియాలో, పాలో ఆల్టోలో ఏదో పని చూసుకుని యూనివర్సిటీ ఎవెన్యూ మీద నడుస్తున్నాను. స్టాన్‌ఫర్డ్ థియేటర్ తలుపు తెరుచుకుని ఎవరో పెద్దవాళ్లు బయటికొచ్చారు. వాళ్ల వెనకే వెన్న వేసిన పాప్‌కార్న్ వాసన గుప్పుమంది. అత్తయ్యకి ఆ వాసన పడేది కాదు. "పేలాలకి ఇంత వైభోగమేవిట్రా" అనేది. అంటూనే ఆ హాల్లో నా పక్కన కూచుని ఒకసారి డబ్బా మొత్తం ఖాళీ చేసింది, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఆ రోజు చూసినవి రెండు సినిమాలు. రెండూ టాకీలు కొత్తగా వచ్చిన రోజులవి, నలుపు తెలుపు. రెండింట్లోనూ హీరోయిన్ నార్మా షేరర్. రెండు కథలూ ఒకటే అనొచ్చు. విడాకులు తీసుకున్న మొగుడూ పెళ్లాం అనుకోకుండా మళ్లీ ఎదురుపడతారు. నేను అత్తయ్యని కావాలనే వాటికి తీసుకెళ్లానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నిజం చెప్పాలంటే హాల్లో ఏసీ ఉంది, మా అపార్ట్‌మెంట్లో లేదు. అంతకంటే కారణం లేదు.

*

మా చిన్నప్పుడు ఇన్నీసుపేట ఇంట్లో కాకినాడ పేరు ఎత్తకూడదు. అత్తయ్యని ఇచ్చింది కాకినాడ సంబంధం. మూడేళ్లు కాపురం చేసి వచ్చేసింది. ఎందుకొచ్చేసిందో పిల్లలకి ఎవరు చెబుతారు? మాకు తెలిసిందల్లా ఆ ఊరి నుంచి చుట్టాలెవరైనా వస్తే మామ్మ మొహం మాడ్చుకుంటుందని, కాకినాడ కాజా మా గుమ్మం తొక్కకూడదని. మా ఇంట్లో కాజా అంటే తాపేశ్వరం మడతకాజాయే. కాకినాడ గొట్టం కాజా నేను మొదటిసారి తిన్నది ఇంజనీరింగు చదివేటప్పుడు, హాస్టల్లో. కొరకగానే పాకం నోట్లోకి చిమ్మింది. ఎక్కడో వెనకాల మామ్మ ఉన్నట్టు ఒకసారి చుట్టూ చూసుకున్నాను.

అత్తయ్య ఆడపిల్లల బడిలో పంతులమ్మ. తెల్లారకుండానే లేచేది. ముందు గిలక కిర్రుమనేది, తర్వాత బావిలో చేద పడ్డ చప్పుడు, ఆ తర్వాత కుంపటి ముందు తాటాకు విసనకర్ర టపటపా. మేం దుప్పట్లోంచి లేవకుండానే అత్తయ్య ఇంట్లో ఎక్కడుందో చెప్పేసేవాళ్లం. గోదావరి స్టేషన్లో బండి కూతేసి కదిలే వేళకి డికాక్షన్ దిగేది. సాయంత్రం బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే కుట్టుమిషను ముందు కూచునేది. వీధి మొత్తానికి జాకెట్లు, లంగాలు ఆవిడే కుట్టేది. డబ్బులిస్తే తీసుకునేది, ఇవ్వకపోతే అడిగేది కాదు. మామ్మకి అది కడుపుమంట.

రాత్రి రేడియో. విజయవాడ కేంద్రం నాటకం వస్తుందంటే ఆ పూట భోజనాలు ముందే అయిపోవాలి. అత్తయ్య గోడకి చేరగిలి కళ్లు మూసుకుని వినేది. నిద్రపోయిందేమో అనుకుంటాం. ఉన్నట్టుండి, "వీడు అబద్ధం చెబుతున్నాడు" అనేది. పది నిమిషాలాగాక నాటకంలో వాడి అబద్ధం బయటపడేది. "నీకెలా తెల్సింది?" అని అడిగితే, "మాట కాదురా, గొంతు వినాలి. నిజం చెప్పేవాడు అంత తీరిగ్గా చెప్పడు" అనేది. ఆడవాళ్ల పాత్రల మీద మాత్రం ఎప్పుడూ ఒక్క ముక్క అనేది కాదు.

అటక మీద ఆకుపచ్చ ట్రంకుపెట్టె ఒకటుండేది. అందులో అత్తయ్య పెళ్లి చీర, దానికింద కోర్టు కాగితాలు. ఆ కాగితాల సంగతి కాస్త పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి మా వైపు ఇళ్లల్లో పుట్టింటికొచ్చేసిన ఆడవాళ్లు ఉండేవారు గానీ కోర్టు కాగితం ఉన్నవాళ్లు చాలా అరుదు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. వచ్చింది కదా అని ఇద్దరూ వెళ్లి "మాకు కుదరడం లేదు" అంటే ఇచ్చేవారు కాదు. ఇద్దరి సమ్మతితో విడాకులన్నది 1976 సవరణతో గానీ రాలేదు. అంతకుముందు ఒకరు ఇంకొకరి మీద ఏదో ఒక నేరం మోపాలి. క్రూరత్వం మోపినా నేరుగా విడాకులు రావు. ముందు విడిగా ఉండమని ఉత్తర్వు, ఆ తర్వాత రెండేళ్లు ఆగి మళ్లీ అర్జీ. అత్తయ్య కాగితాలన్నీ ఆ వరుసలోవే.

*

2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తారీఖులు తప్పుతాయన్న వై2కే భయం పుణ్యమా అని, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్న ప్రతివాడూ విమానమెక్కిన రోజుల్లో నేనూ సన్నీవేల్‌లో తేలాను. ఆ జీవితం ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఇండియన్ స్టోర్లో కాలింగ్ కార్డు కొని, వెనకాల వెండిపూత గోకి, ఇంతపొడుగు నంబరు నొక్కి, "మీకు పదకొండు నిమిషాలు మిగిలి ఉన్నవి" అని ఓ ఆడగొంతు హెచ్చరిస్తుంటే గబగబా మాట్లాడుకోవడం. తెలుగు సినిమా అంటే అదే కొట్లో అద్దెకి దొరికే వీడియో క్యాసెట్టు. కాపీకి కాపీ తీసింది కావడంతో హీరో మొహం నీళ్లల్లో ఉన్నట్టుండేది.

మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. మా అమ్మ అప్పటికే లేదు. వాళ్ల అమ్మగారికి మోకాళ్లు. "నేనొస్తాను" అంది అత్తయ్య, అప్పుడే బడి నుంచి రిటైరైంది. జీవితంలో మొదటిసారి విమానమెక్కి, శాన్ ఫ్రాన్సిస్కోలో దిగి, కస్టమ్స్ వాడికి ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూపించి మరీ బయటపడింది.

నెల తిరక్కుండానే ఆవిడకి ఊపిరాడలేదు. మాట్లాడే మనిషి లేరు, వీధిలో నడిచే మనిషి లేరు. కార్పెట్ వాసన పడదు. వారం మొత్తం బాల్కనీలో కూచుని పార్కింగులో కార్లు లెక్కపెట్టేది. లివర్‌మోర్ గుడికి తీసుకెళ్తే రెండు పూటలు హుషారుగా ఉండేది, మళ్లీ మామూలే. ఆ ఏడాది ఎండలు కూడా గట్టిగానే కాశాయి. ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ పాదాలు వాచి, టేబుల్ ఫ్యాన్ ముందు నుంచి లేవడం లేదు. "మా ఇద్దర్నీ చల్లటి చోటికి ఎక్కడికైనా తీసుకెళ్లరా" అంది అత్తయ్య. నాకు తెలిసిన చల్లటి చోటు అదొక్కటే.

*

స్టాన్‌ఫర్డ్ థియేటర్ 1925లో కట్టింది. పాతబడి, మూతపడే స్థితికొస్తే 1987లో డేవిడ్ ప్యాకార్డ్ కొన్నాడు. హ్యూలెట్-ప్యాకార్డ్ కంప్యూటర్ల కంపెనీ పెట్టిన ఇద్దరిలో ప్యాకార్డ్ గారి అబ్బాయి. ప్రాచీన గ్రీకు భాష చదువుకున్న మనిషి. హాలు మొదట్లో ఎలా ఉండేదో అలాగే పెయింట్ల దగ్గర్నుంచి బాగు చేయించి 1989లో మళ్లీ తెరిచాడు. అందులో ఆడేవి పాత హాలీవుడ్ సినిమాలే. ఒక టికెట్టుకి రెండు సినిమాలు. అసలు ముచ్చట మధ్యలో ఉంది. ఏడున్నర ఆటకి ముందు తెర కింద గోతిలోంచి వర్లిట్జర్ ఆర్గన్ అనే పెద్ద వాద్యం, వాయించే మనిషితో సహా పైకి లేస్తుంది. ఆయన వాయించినంతసేపు వాయించి, వెన్ను ఇటు తిప్పే కిందికి దిగిపోతాడు. అప్పుడు ఎర్ర తెర తొలగుతుంది.

ఆ ఆర్గన్ లేచినప్పుడు అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "సురభి వాళ్లు గుర్తొచ్చారు" అంది. సురభి నాటకాల్లో మనుషులు నేలలోంచి రావడం, గాల్లోకి లేవడం ఆవిడ చిన్నప్పుడు రాజమండ్రిలో చూసింది.

మొదటి సినిమా 'లెట్ అస్ బీ గే', 1930ది. నార్మా షేరర్ కళ్లజోడు పెట్టుకుని, సొంతంగా కుట్టుకున్న వెలిసిపోయిన గౌనేసుకుని, మొగుడికి మంచం దగ్గరికే టిఫిన్ అందిస్తూ తిరుగుతుంటుంది. ఆ మొగుడికి ఇంకో ఆవిడ ఉంది. ఆ ఇంకో ఆవిడ సరాసరి ఇంటికే వస్తుంది. ఇల్లాలు మర్యాదకి లోటు రాకుండా మాట్లాడి పంపించి, ఆ తర్వాత కూలబడుతుంది. విడాకులు. మూడేళ్లు గడుస్తాయి. ఈసారి అదే మనిషి పారిస్ బట్టల్లో, పదిమంది వెంటపడేంత సోకుగా ఒక ముసలి జమీందారిణి లాంటి ఆవిడ ఇంటికి అతిథిగా వస్తుంది. ఆ ముసలావిడ మేరీ డ్రెస్లర్. తన మనవరాలు ఎవడో నడివయసు రసికుడి వలలో పడుతోంది, వాణ్ణి నీ వైపు లాక్కో, అని ఈవిణ్ణి అడుగుతుంది. ఆ రసికుడు ఈవిడ మాజీ మొగుడే. ముసలావిడకి ఆ సంగతి తెలీదు.

నేను అత్తయ్య చెవిలో కథ చెప్పబోయాను. కాసేపు విని, "నువ్వుండరా, నాకు తెలుస్తోంది" అంది. మేరీ డ్రెస్లర్ వస్తే చాలు, నవ్వేది. ఆవిడ మొహం గుమ్మడికాయంత ఉంటుంది, ఒక కనుబొమ ఎత్తితే హాలంతా కదులుతుంది. "మన మామ్మే" అంది అత్తయ్య. నిజమే, అచ్చం మామ్మే, నగలు తప్ప.

ఆ సినిమా తీసేటప్పుడు షేరర్ కడుపుతో ఉందని తర్వాతెప్పుడో చదివాను. ఆగస్టులో కొడుకు పుట్టాడు. పొట్ట కనపడకుండా బట్టల్లోనూ కెమెరా కోణాల్లోనూ జాగ్రత్తపడ్డారు. అత్తయ్య మాత్రం చదవకుండానే కనిపెట్టింది. "ఆ పిల్ల నడక చూడు. నీ పెళ్లాం నాలుగో నెలలో ఇలాగే ఉండుంటుంది." నేను కొట్టిపారేశాను. అటుపక్క కూచున్న మా ఆవిడ కొట్టిపారెయ్యలేదు.

*

రెండోది 'ప్రైవేట్ లైవ్స్'. ఇది 1931 డిసెంబరులో విడుదలైన సినిమా. ఇంగ్లీషు నాటకకర్త నోయెల్ కవర్డ్ నాటకం దీనికి మూలం. షాంఘైలో ఫ్లూ జ్వరంతో మంచం పట్టి, నాలుగు రోజుల్లో రాసేశానని ఆయనే చెప్పుకున్నాడు. 1930లో లండన్‌లో ఫీనిక్స్ థియేటర్ తెరిచింది ఈ నాటకంతోనే. కవర్డ్, గెర్ట్రూడ్ లారెన్స్ పాత జంట వేషాలు వేశారు. కొత్త మొగుడు విక్టర్ వేషంలో అప్పటికింకా పెద్ద పేరు రాని లారెన్స్ ఒలీవియే. హాలీవుడ్ స్టూడియో ఎం.జి.ఎం. వాళ్లు హక్కులు కొని షేరర్‌నీ రాబర్ట్ మాంట్‌గమరీనీ పెట్టి తీశారు.

కథకేముంది, విడిపోయిన ఇద్దరూ చెరో కొత్త పెళ్లి చేసుకుని ఫ్రాన్సులో ఒకే హోటలుకి హనీమూన్‌కి వస్తారు. పక్కపక్క గదులు, ఆనుకుని ఉన్న బాల్కనీలు. ఈమె కొత్త మొగుడూ అతని కొత్త పెళ్లామూ పదే పదే పాత పెళ్లి గురించే ఆరా తీస్తుంటారు. ఎలా ఉండేవాడు, ఎలా ఉండేది, ఇంకా గుర్తుందా. కింద ఆర్కెస్ట్రా ఏదో పాట మొదలెడుతుంది. ఇద్దరూ ఒకరికొకరు కనపడతారు.

అక్కడ వాళ్లేం మాట్లాడుకుంటారో అత్తయ్యకి ఒక్క ముక్క అర్థమయ్యే వీల్లేదు. మనలాంటి ఇంగ్లీషు చదువులవాళ్లకే ఆ యాస సగం జారిపోతుంది. నాటకం పుస్తకం నేను తర్వాత కొనుక్కుని చదివాను. వాళ్లు మాట్లాడేది ప్రయాణాల గురించి. అతను ప్రపంచం చుట్టొచ్చాడు. చైనా ఎలా ఉంది, జపాన్ ఎలా ఉంది, తాజ్‌మహల్ ఎలా ఉంది అని ఈమె అడుగుతుంది, అతను పొడిపొడిగా చెబుతాడు. అసలు అడగాల్సింది అడక్కుండా దేశాలన్నీ తిరిగొస్తారిద్దరూ.

ఆ బాల్కనీ మాటల దగ్గర అత్తయ్య నవ్వింది. చిన్నగా కాదు, పెద్దగా. హాల్లో ఇంకెవరూ నవ్వని చోట. ముందు వరసలో తెల్లాయన తిరిగి చూశాడు. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

తర్వాత ఇద్దరూ కొత్తవాళ్లని వదిలేసి ఆల్ప్స్ కొండల్లో ఓ ఇంటికి పారిపోతారు. మళ్లీ కొట్లాట మొదలవకుండా ఒక ఒప్పందం. దెబ్బలాట రాజుకుంటోందనిపిస్తే ఎవరో ఒకరు అనుకున్న మాట అనాలి, అనగానే ఇద్దరూ కాసేపు నోరు మూసుకోవాలి. ఆ నోరు మూసుకున్న క్షణాలు సినిమాలో చాలా బావుంటాయి. మాట వచ్చి నాలుగేళ్లే అయిన కళలో మౌనాన్ని ఇంత బాగా వాడుకున్నారా అనిపిస్తుంది. ఒప్పందం నిలవదు. చెంపదెబ్బలు, తోపులాట, ఇల్లు పీకి పందిరేస్తారు. జనం పగలబడి నవ్వుతున్నారు. అత్తయ్య నవ్వలేదు. అంతవరకూ ఆగకుండా తింటున్న పాప్‌కార్న్ కూడా ఆపేసింది. డబ్బాలో చెయ్యి అలాగే ఉండిపోయింది.

*

నాకు ఈ పాత టాకీల పిచ్చి పట్టింది ఆ తర్వాతే. తొలి టాకీల్లో మైకు ఎక్కడుంటే నటులు అక్కడే బిగుసుకుపోయి నిలబడేవారు, కెమెరా రొద వినపడకుండా దాన్ని గదిలాంటి పెట్టెలో బంధించేవారు. 1931కల్లా ఆ కష్టాలు చాలామటుకు తీరాయి. మాటలు కావాలి, మాటలంటే నాటకాలు, నాటకాలంటే న్యూయార్కు, లండన్. అలా వచ్చాయి ఈ విడాకుల కథలన్నీ. షేరర్‌కి 'ది డైవోర్సీ' అనే ఇంకో విడాకుల సినిమాకే ఆస్కార్ వచ్చింది. ఆవిడ భర్త ఇర్వింగ్ థాల్‌బర్గ్ ఎం.జి.ఎం.లో నిర్మాణమంతా చూసే పెద్ద. పెళ్లాంతో వరసపెట్టి విడాకుల వేషాలు వేయించిన మొగుణ్ణి ఇంకెక్కడా చూడం. 1934లో సెన్సారు నియమావళిని గట్టిగా అమలు చెయ్యడం మొదలెట్టాక ఇంత ధీమాగా తీయడం కుదర్లేదు.

'ప్రైవేట్ లైవ్స్' వచ్చిన రెండు నెలలకే, 1932 ఫిబ్రవరి 6న, మన తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైంది. తీసింది హెచ్.ఎం. రెడ్డి, లీలావతి వేషం సురభి కమలాబాయిది. అదీ నాటకమే, అక్కడా తండ్రీ కొడుకుల మధ్య దెబ్బలాటే. కాకపోతే మన దగ్గర మొగుడూ పెళ్లాల ఎడబాటు తెర మీద నవ్వులాట కావడానికి చాలా కాలం పట్టింది. మన సినిమాల్లో విడిపోయినవాళ్లు కలవాలంటే మధ్యలో ఒక పిల్లకి జ్వరం రావాలి, ఆసుపత్రి వరండా కావాలి. అత్తయ్యకి ఆ సినిమాలు నచ్చేవి కావు. "ఆ పిల్లకి జ్వరం తగ్గాక వీళ్లేం చేస్తారు?" అనేది.

*

ఆట అయ్యాక కాల్‌ట్రెయిన్ స్టేషన్‌కి నడిచాం. ఆదివారం రాత్రి బండ్లు తక్కువ. బెంచీ మీద మా ఆవిణ్ణి కూచోబెట్టి, అత్తయ్య పక్కన కూచుని వాచిన పాదాలు ఒళ్లో పెట్టుకుని నొక్కుతోంది.

"ఒరేయ్, ఆ బాల్కనీలో వాళ్లు మాట్లాడుకున్నదేవిటి?"

"ఏవో పైపై మాటలత్తయ్యా."

"అనుకున్నా. అసలు మాటైతే అంత తీరిగ్గా రాదు."

కాసేపాగి, ఎవరూ అడక్కుండానే చెప్పింది. నేను అయిదారేళ్ల వాడిగా ఉన్నప్పుడు సామర్లకోటలో చుట్టాలింట్లో ఒక పెళ్లి జరిగింది. నాకు అందులో గుర్తున్నది గోల్డ్‌స్పాట్ సీసా ఒక్కటే. ఆ పెళ్లికి 'ఆయన' కూడా వచ్చాడట, మగపెళ్లివారి తరఫున. అప్పటికి ఆయనకి మళ్లీ పెళ్లయి, ఇద్దరు పిల్లలు. బల్లల మీద భోజనాలు అప్పుడప్పుడే వస్తున్న కాలం. నేల మీద కూచునే పెద్దవాళ్లకి ఒక బంతి, బల్లల మీద ఇంకో బంతి. ఆడా మగా వేరు లేకుండా దొరికిన కుర్చీలో కూచోవడమే. అత్తయ్యకి చోటు దొరికింది. కూచున్నాక చూస్తే పక్కన ఆయన. అప్పటికే ఆకులో వడ్డన మొదలైంది, లేస్తే నలుగురూ చూస్తారు.

"పప్పు వచ్చిందాకా ఇద్దరం ఆకుల్లోకే చూస్తున్నాం. పనసపొట్టు కూర వచ్చింది. ఒక ముద్ద తిని, ఎవరితోనో అన్నట్టు, 'ఆవ ఘాటెక్కువైంది' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"కాపురంలో ఉన్నప్పుడు రోజూ ఆవ చాల్లేదని పేచీ. కంచం విసిరేసేవాడు. నేను మాత్రం ఊరుకున్నానా, గిన్నె విసిరేదాన్ని. అందుకని, 'పరాయిళ్లల్లో ఎక్కువే అవుతుంది లెండి' అన్నాను. ఆయనకి పొలమారింది. నాకు నవ్వాగలేదు. మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపాను. తాగాడు. అంతే. పెరుగులోకి వచ్చేదాకా గోదావరి వరద గురించి మాట్లాడుకున్నాం."

మా ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. "మరి వాళ్లావిడ, అత్తయ్యగారూ?"

"మజ్జిగ వడ్డిస్తోంది. నాకూ పోసింది. నేనెవరో తెలీదు పాపం. మంచి పిల్ల. ఆ సినిమాలో చుట్టల జుట్టు పిల్ల లేదూ, అలాగే అమాయకం మొహం."

ఆ చుట్టల జుట్టు పిల్ల ఊనా మెర్కెల్, హనీమూన్‌లో వదిలేసి పోయిన కొత్త పెళ్లాం సిబిల్ వేషం.

నేను కొట్లాట సీను సంగతి అడిగాను. ఎందుకు నవ్వలేదని. అత్తయ్య మా ఆవిడ పాదం దించి రెండోది తీసుకుంది. "ఆయన నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదురా. అరిచేవాడు, విసిరేవాడు, అంతే. ప్లీడరు గారు మాత్రం కొట్టాడని రాయించారు. అలా రాస్తే గానీ జడ్జీ గారు ఇవ్వరట. సంతకం పెట్టాను. కోర్టులో అది చదువుతుంటే ఆయన నా వంక చూశాడు. కాదని అనొచ్చు, అన్లేదు. అంటే నాకు కాగితం రాదు కదా."

కవర్డ్ నాటకంలోనూ ఇలాంటిదే ఉందని పుస్తకం చదివినప్పుడు చూశాను. అప్పటి ఇంగ్లండులో విడాకులకి వ్యభిచారం రుజువు కావాలి. మొగుళ్లు సముద్రపు ఒడ్డు ఊళ్లో హోటలుకి ఎవరో ఒక ఆవిణ్ణి తీసుకెళ్లి, నౌకర్ల కంటపడి రావడం మామూలు. కథలో హీరో కూడా బ్రైటన్‌లో ఒక వారాంతం గడిపొస్తాడు. అత్తయ్యకి ఫోన్లో చెబితే, "అయితే వాళ్లకీ ప్లీడర్లున్నారన్నమాట" అంది.

బండి వచ్చింది. ఎక్కాక, "మరి చివర్న వాళ్లిద్దరూ పారిపోయారు కదా, కలిసుంటారంటావా?" అని అడిగాను. "ఎక్కడుంటార్రా. పరాయి బంతిలో బావుంటుంది గానీ" అంది. ఆ పై ఆదివారం కూడా సినిమాకి వెళ్దామంది గానీ శుక్రవారం తెల్లవారుజామునే మా అమ్మాయి పుట్టేసింది.

*

ఆ అమ్మాయికి ఇప్పుడు ఉద్యోగం, సొంత అభిప్రాయాలు, రెండూ ఉన్నాయి. సంవత్సరీకం జరిగిన వారం ఇంటికొస్తే ఆ సినిమా డీవీడీ పెట్టాను. బాల్కనీ దగ్గర నవ్వింది. చెంపదెబ్బల దగ్గర ఆపెయ్యమంది. కాసేపు వాదన. ఆ కాలంలో అది వేళాకోళమని నేను, ఏ కాలంలో అయినా చెంప చెంపేనని అది. నాటకంలో ఆడవాళ్లని కొట్టడం మీద ఒక హాస్యోక్తి ఉంది, ఇప్పటికీ తెగ ఉటంకిస్తారు. అది దానికి చెప్పలేదు, ఇల్లు పీకి పందిరేస్తుందని.

దానికి షేరర్, మాంట్‌గమరీ మీద ధ్యాసే లేదు. "ఆ సిబిల్ ఏం పాపం చేసింది నాన్నా? ఆ విక్టర్? వీళ్ల ప్రేమ గొప్పదని వాళ్లని హోటల్లో పారేసి పోతే మనం నవ్వాలా?" అంది. అప్పుడు సామర్లకోట పెళ్లి సంగతి చెప్పాను. ఆవ, పొలమారడం, గోదావరి వరద, మజ్జిగ. అన్నీ విని, "ఆ మజ్జిగ పోసినావిడకి తర్వాతైనా తెల్సిందా, పక్కన కూచున్నది ఎవరో?" అని అడిగింది.

నాకేం తెలుసు? అప్పటికి రాజమండ్రిలో పొద్దున్న అయ్యింది. బాబాయికి వీడియో కాల్ చేశాం. కాఫీ గ్లాసుతో వచ్చి కూచున్నాడు. అమ్మాయే అడిగింది. బాబాయి గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

"తెలియకపోవడమేవిటే? ఆవిడే వచ్చి 'మీ అక్కగారెవరండీ' అని నన్నడిగింది. చూపించాను. వాళ్లాయన పక్క కుర్చీ ఆవిడదే. లేచి వెళ్లి మజ్జిగ గిన్నె పట్టుకుంది. 'అక్కడ ఖాళీ ఉందక్కయ్యా, కూచో' అన్నది నేను."

"అత్తయ్యకి తెలీదా ఈ సంగతి?" అన్నాను.

"చెబితే చంపేసేది నన్ను."

"మరి ఆవిడ ఎందుకలా చేసింది తాతయ్యా?" అంది అమ్మాయి.

"అది ఆవిణ్ణే అడగాలి. కాకినాడలోనే ఉంది, కొడుకు దగ్గర. ఎనభై దాటినా చెవులు బాగా పనిచేస్తాయి. మొన్న సంవత్సరీకానికి కూడా ఫోన్ చేసింది. నంబరు ఇమ్మంటావా?"

అమ్మాయి పెన్ను కోసం లేచింది.